తేదీ వేయని కాగితం

నా రాజీనామాలో నాలుగు అక్షరదోషాలు దొరికాయి
చీఫ్ ఎలిసేయో బరియాకి.
ఇంజను గదిలో, డీజిలు కంపులో,
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కటే దిద్దాడు.
"వెళ్లేటప్పుడైనా తప్పుల్లేకుండా వెళ్లు, ఒయార్సున్.
తేదీ మాత్రం నువ్వే వేసుకో.
అది నా పని కాదు."

అప్పటికి నావికాదళంలో నాకు పంతొమ్మిది నెలలు.
పుంటా అరేనస్‌లో గాలి
మనిషిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి విసిరేస్తుంది.
గాలికాలంలో వీధి మలుపుల్లో తాళ్లు కడతారు,
పట్టుకు నడవండని.
ఓడ మీద నాకు ఏ తాడూ కట్టి లేదు.
ఇరవై ఆరుగురు మగవాళ్లు, నేనొక్కదాన్ని.
నా పేరు 'ఆ పిల్ల'.
పదోన్నతుల జాబితా గోడకెక్కినప్పుడల్లా
కింది నుంచే చదివేదాన్ని,
పైకి చూస్తే మెడ నొప్పి ఎందుకని.

కాగితం మడిచి జేబులో పెట్టానో లేదో
ఒక స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు.
మొన ఇంజను మీద,
పిడి చెవి వెనక ఎముక మీద.
"ఏం వినపడుతోంది?"
"చప్పుడు."
"చప్పుడు చెవిటాడికీ తెలుస్తుంది. మళ్లీ విను."

మూడు వారాలు విన్నాను.
జలసంధి కెరటాలు ఓడ పొట్టను గుద్దుతుంటే,
తిన్నది గొంతు దాకా వస్తుంటే, విన్నాను.
నాలుగో సిలిండరు నసుగుతోంది,
అడగాలని ఉండీ అడగలేని పిల్లలా.
చెప్పాను. మాట్లాడకుండా విప్పించాడు.
స్ప్రింగు మీద వెంట్రుకంత పగులు.

ఆ రాత్రి లాగ్‌బుక్కులో నా పేరు రాశాడు,
రెండు ఇంటిపేర్లతో సహా:
కనిపెట్టినది, మరిసోల్ ఒయార్సున్ వేరా.
అంత పొడుగ్గా నన్నెవరూ రాయలేదు.

పని నేర్పేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు.
నేను లేని గదిలో, తలుపు మూసిన గదిలో
నా పేరు ఎత్తినవాడు మాత్రం ఆయనే.
ఆ సంగతి ఆయన చెప్పలేదు,
టీ పట్టుకెళ్లిన కుర్రాడు చెప్పాడు, ఏడాది తర్వాత.

ఆయన రిటైరైన రోజు
స్క్రూడ్రైవరు నాకిచ్చి పోతాడనుకున్నాను.
ఇవ్వలేదు.
"కొనుక్కో" అన్నాడు.

మొన్న ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఫారం వచ్చింది.
ఉద్యోగంలో ఎందుకు కొనసాగుతున్నారు?
జీతం, పింఛను, దేశసేవ, ఇతరములు.
ఇతరములకి బొటనవేలంత ఖాళీ.
'నాలుగో సిలిండరు' అని రాశాను.
సరిగ్గా నింపమని తిరిగొచ్చింది.

దమారిస్‌కి నాకొచ్చిందంతా నేర్పాను.
మూసిన గదుల్లో గొంతు చించుకుని ఆమె పేరు చెప్పాను.
అయినా వెళ్లిపోయింది,
చిలోయే దీవుల్లో చేపల పడవల మీదికి.
కార్యాలయం లెక్కలో ఆమె ఒక నష్టం,
నా ఎదురుగా ఒక ఎర్ర అంకె.
వారం రోజులు నాకూ అలాగే అనిపించింది,
అబద్ధమెందుకు.
తర్వాతొక అర్ధరాత్రి ఫోను మోగింది.
పలకరింపు లేదు, క్షేమం లేదు,
ఇంజనుకి ఆనించిన ఫోను.
"విను, సార్జెంటూ. రెండోదా, మూడోదా?"
చీకట్లో లేచి కూర్చుని విన్నాను.
"రెండోది" అన్నాను.
"నేనూ అదే అనుకున్నా" అని పెట్టేసింది.

ఇవాళ యెర్కో మన్సిలా వచ్చి నిలబడ్డాడు,
ఇరవై ఏళ్లు, గోళ్లు కొరికిన వేళ్లు,
చేతిలో కాగితం.
నా కాగితం ఇంకా కోటు లోపలి జేబులోనే ఉంది.
మడతల దగ్గర చిల్లులు పడ్డాయి,
తేదీ చోటు మాత్రం తెల్లగానే ఉంది.
అది వాడికి చూపించను.
వాడి తేదీ వాడిది.

చదివాను. మూడు తప్పులున్నాయి.
"కూర్చో" అన్నాను.
ఎర్ర పెన్సిలు చెక్కుతున్నాను,
కాస్త నెమ్మదిగానే.